చిన్న చెరువులో గాలం: నీటిమట్టం చూసి వేయాల్సిన లెక్క

అనంతపురం, కడప వైపు చెరువు పన్నెండు నెలలూ ఒకే చెరువు కాదు. సెప్టెంబరు, అక్టోబరు వానలకు మరువ (అదనపు నీళ్లు పొర్లిపోయే అలుగు) దాకా నిండుతుంది. సంక్రాంతి దాటేసరికి సగానికి దిగుతుంది. మే నెలలో తూము ముందర మడుగులా మిగులుతుంది, ఒక్కో ఏడు అదీ ఉండదు. హంద్రీనీవా కాలవ నీళ్లు వదిలే చెరువుల్లో ఈ లెక్క కొంచెం మారుతుంది, అంతే. కాబట్టి ‘ఫలానా రాయి మీద కూర్చో, ఫలానా ఎర పెట్టు’ అని ఎవరైనా చెబితే, ఆ మాట ఏ నెలలోదో ముందు అడగండి. చేప నీటి వెంట జరుగుతుంది, గాలం చేప వెంట జరగాలి.

బుక్కపట్నం, పోరుమామిళ్ల లాంటి పెద్ద చెరువుల పని వేరు. అక్కడ రీలు, దూరం విసిరే రాడ్డు కావాలి. ఇక్కడ చెప్పేది ఊరి చెరువు గురించి. పది పన్నెండు అడుగుల వెదురు కట్టె చాలు.

ముందు అడగాల్సినవాళ్లను అడగండి

ఊరి చెరువులో చేప చాలాచోట్ల ఎవరో ఒకరి పెట్టుబడి. మత్స్యకారుల సంఘమో, వేలంలో పాడుకున్నవాళ్లో వానలకు నీళ్లొచ్చాక పిల్లల్ని వదులుతారు, ఎండాకాలం నీళ్లు తగ్గాక వల వేసి పడతారు. ఒక కట్టె, ఒక గాలం అని చెప్పి అడిగితే చాలామంది కాదనరు. చెప్పకుండా కూర్చుంటే మాత్రం దొంగతనం కిందే లెక్క. బొచ్చె, శీలావతి, మృగాల పావుకిలో లోపువి పడితే తిరిగి నీళ్లలోకే వదలండి, అవి వాళ్ల రేపటి పంట. జిలేబి (తిలాపియా చేప), చిన్నరకం పక్కె, మీసాల జెల్ల ఎన్ని పట్టినా ఎవరూ బాధపడరు. జిలేబి తగ్గితే వాళ్లకే మేలు.

మందుగుండు పేల్చి, నీళ్లలో విషం కలిపి చేపలు పట్టడం 1897 నాటి చట్టం నుంచీ నేరమే. కరెంటు తీగ దించేవాళ్ల పక్కన ఊరికే నిలబడినా ప్రాణానికి ముప్పు. అక్కడి నుంచి లేచి వచ్చేయండి.

కట్టె, దారం, కొక్కెం

వెదురు కట్టె పచ్చిది వాడకండి. నరికాక నెల రోజులు నీడలో, నిలువుగా వేలాడదీసి ఆరనివ్వాలి. ఎండలో పడేస్తే నెర్రెలిస్తుంది, నేల మీద పడేస్తే వంకర తిరుగుతుంది. మొదలు బొటనవేలంత, కొస అగ్గిపుల్లకు రెండింతలు లావు ఉంటే సరి. కొస మరీ సన్నగా ఉంటే జిలేబికి కూడా విల్లులా వంగుతుంది, కొక్కెం చేప మూతిలో దిగదు.

దారాన్ని కొసకు మాత్రమే ముడివేసి వదిలేయడం అందరూ చేసే పొరపాటు. మూడడుగుల కింద ఒక ముడి వేయండి. అక్కడి నుంచి కట్టె చుట్టూ నాలుగైదు మెలికలు తిప్పుకుంటూ కొస దాకా తెచ్చి మళ్లీ ముడి వేయండి. కొస విరిగినా చేప కింది ముడి మీద నిలుస్తుంది. కొస దగ్గర నుంచి వేలాడే దారం కట్టె పొడవంతే ఉండాలి, మహా అయితే ఒక అడుగు ఎక్కువ. అంతకు మించితే పైకి లేపినప్పుడు చేప చేతికి అందదు, వెనకున్న కంపకు తగులుకుంటుంది.

దారం మందం చేపను బట్టి. పక్కెలకు 0.18 మిల్లీమీటర్లు, జిలేబి, జెల్లలకు 0.25, శీలావతి, మృగాల, బంగారు తీగలకు 0.30 లేదా 0.35. ‘లావు ఉంటే భయం లేదు’ అని 0.50 కడితే తేట నీళ్లలో చేప ఎర దగ్గరికే రాదు. నైలాన్ దారం ఎండకు కుళ్లుతుంది. పోయిన ఏడాదిది మోటరుబండి డిక్కీలో ఉండిపోతే పారేయండి. రెండు చేతులకూ చుట్టుకుని ఒక్కసారి గుంజితే తెలిసిపోతుంది.

కొక్కెం నంబరు పెరిగేకొద్దీ సైజు తగ్గుతుంది, కొత్తవాళ్లు దుకాణంలో తికమకపడేది ఇక్కడే. పక్కెకు 12, జిలేబికి 8, శీలావతి, మృగాలకు 6, కిలో దాటిన బంగారు తీగకు 4. మొన తుప్పు పట్టిందో మొండిదో చూడటానికి గోటి మీద ఆనించి లాగండి. జారితే మొండిది, గీత పడితే బాగున్నట్టు.

తల దగ్గర చిల్లు ఉన్న కొక్కేనికి ముడి ఇలా వేయాలి. దారం కొసను చిల్లులోంచి అరజానెడు లాగండి. ఆ కొసను అసలు దారం చుట్టూ 5 లేక 6 మెలికలు తిప్పండి. కొక్కెం పక్కనే మిగిలిన చిన్న ఉచ్చులోంచి కొసను దూర్చండి. ఉమ్మితో తడిపి, మెల్లగా, ఆపకుండా బిగించండి. తడపకుండా బిగిస్తే రాపిడి వేడికి దారం అక్కడే బలం కోల్పోతుంది. చేప తెంపుకుపోయిందని చెప్పుకునే కథల్లో సగం ఈ ముడి దగ్గర తెగినవే. మిగిలిన కొసను రెండు మిల్లీమీటర్లు ఉంచి కోయండి, మొదలంటా కోస్తే జారిపోతుంది.

కొన్ని కొక్కేలకు చిల్లు ఉండదు, తల చదునుగా ఉంటుంది. వాటికి దారాన్ని కాడ వెంట మడిచి ఉచ్చులా పెట్టి, ఆ మడతనూ కాడనూ కలిపి కొసతో ఏడు చుట్లు చుట్టి, కొసను ఉచ్చులో దూర్చి అసలు దారాన్ని లాగాలి. చివరికి దారం కాడకు లోపలి వైపు నుంచి, అంటే మొన ఉన్న వైపు నుంచి బయటికి రావాలి. వెనక వైపు నుంచి వస్తే కొక్కెం తిరగబడి చేప మూతిలో దిగదు.

చేప తగిలింది తెలియడానికి దారం మీద తేలేలా కట్టే బెండుకు జీలుగ బెండు ముక్క రెండంగుళాలది చాలు, లేదా నెమలీక కాడ మూడంగుళాలు. దుకాణంలో అమ్మే ఎర్ర ప్లాస్టిక్ బంతులు పిల్లల ఆటకు బాగుంటాయి. చేప వాటిని గుంజేటప్పుడు బరువు తెలిసి ఎర ఉమ్మేస్తుంది. సీసం గుండ్లు కొక్కేనికి నాలుగైదు అంగుళాల పైన నొక్కండి. ఎంత సీసమంటే, బెండు నిలబడి కొస మాత్రమే ఒక సెంటీమీటరు నీటి పైన కనబడాలి. ఇది ఇంట్లో బకెట్లోనే సరిచూసుకోవచ్చు.

చోటు

పోరుమామిళ్ల చెరువు శాసనంలో 1369 నాడే మంచి చెరువుకు పన్నెండు లక్షణాలు రాసిపెట్టారు. గాలం వేసేవాళ్లకు మూడు చాలు: తూము, మరువ, వంక (వాగు) కలిసే చోటు.

కొత్త నీళ్లొచ్చే రోజుల్లో వంక నోటి దగ్గరికి పోండి. వంక నీళ్లు పురుగూ పుట్రా, ఎర్రలు (వానపాములు), గడ్డి గింజలు మోసుకొస్తాయి, చేప ఎదురెక్కి అక్కడే తిరుగుతుంది. సరిగ్గా పారుడు మధ్యలో వేయకండి. పారే నీళ్లు, నిలిచిన నీళ్లు కలిసే గీత ఒకటి కనబడుతుంది, రంగు తేడాతో. ఆ గీతకు అటూ ఇటూ మూడడుగుల్లో బెండు ఉండాలి. మరువ పారేటప్పుడు మరువ కింది గుంతల్లో కూడా చేప దొరుకుతుంది, కానీ పాచి పట్టిన రాళ్ల మీద కాలు నిలవదు. చెరువు వైపున మరువ అంచుకు పోనే పోవద్దు.

నవంబరు నుంచి జనవరి దాకా నీళ్లు తేటపడతాయి, చల్లబడతాయి. తెల్లవారుజామున పోయి వణకడం దండగ. ఎండెక్కాక, తొమ్మిది దాటాక, గాలి ఎటు కొడుతుందో చూసి ఆ కొట్టిన ఒడ్డుకు పోండి. అలలు మేతను అటే నెడతాయి. జమ్ము పొదల అంచు, మునిగిన కంపల అంచు ఈ కాలంలో మంచి చోట్లు. అంచు అంటే అంచే, పొదలో వేస్తే కొక్కేల డబ్బా ఖాళీ అవుతుంది.

ఫిబ్రవరి దాటితే తూము వైపు జరగండి. చెరువులో అన్నిటికన్నా లోతు అక్కడే, చివరి నీళ్లూ అక్కడే. ఎండాకాలం ఉదయం ఆరు నుంచి ఎనిమిదిన్నర, సాయంత్రం ఐదు నుంచి చీకటి పడేదాకా తప్ప మిగతా వేళ కూర్చోవడం ఎండదెబ్బకు తప్ప దేనికీ పనికిరాదు. తూము ఎత్తి ఉంటే దాని నోటికి ఇరవై అడుగుల దూరం పాటించండి, నీటిలో దిగకండి.

ఉక్కపోసి, మబ్బు పట్టి, గాలి ఆడని రాత్రి తర్వాత తెల్లారి చేపలు నోళ్లు తెరుచుకుని పైకి తేలుతుంటే ‘ఈ రోజు పండగే’ అనుకోకండి. నీళ్లలో ప్రాణవాయువు తగ్గి ఊపిరి కోసం తేలుతున్నాయి. ఎర మూతికి తగిలించినా తినవు. గాలి లేచేదాకా ఆగండి, లేదా ఇంటికి పోయి సద్ది తాగి రండి.

లోతు కొలవడం

ఎర కంటే ముఖ్యమైనది ఇదే, ఎక్కువమంది వదిలేసేదీ ఇదే. కొక్కేనికి ఒక ఇనప నట్టు తగిలించి కూర్చోబోయే చోట దించండి. బెండు మునిగిపోతే అక్కడ లోతు ఎక్కువ, బెండును దారం మీద పైకి జరపండి. బెండు పడుకుంటే లోతు తక్కువ, కిందికి జరపండి. కొస మాత్రం కనబడే దగ్గర ఆగండి. అదే నేల. దారం మీద ఆ చోట ఒక గుర్తు పెట్టుకోండి. ఎడమకూ కుడికీ ఆరేడడుగులు కొలిచి చూస్తే నేల వాలు కూడా తెలుస్తుంది. సమంగా ఉన్న నేల ఒక్కసారి లోతుకు దిగే అంచు దొరికితే ఇంకెక్కడికీ పోకండి.

బంగారు తీగ, మృగాల నేల మీద మేస్తాయి. వాటికి ఎర నేలను తాకుతూ, దారం రెండంగుళాలు అదనంగా ఉండాలి. శీలావతికి నేల నుంచి అడుగు పైన. జిలేబికి ఒడ్డు దగ్గర రెండు మూడడుగుల నీళ్లలో నడుమెత్తున. బొచ్చె పైనీటిలో సన్నటి మేత వడగట్టుకు తినే చేప, కట్టె గాలానికి పడితే అదృష్టం, దానికోసం కూర్చోవద్దు.

ఇక్కడే ఒక హెచ్చరిక. పూడికమట్టి కోసం జేసీబీలతో తవ్విన గుంతలు చెరువు నిండాక కనబడవు. మోకాలి లోతు నీళ్లలో నడుస్తూ ఒక్క అడుగుకే నిలువెత్తు లోతులో పడతారు. గుంత గోడ నిట్టనిలువుగా, జిగటగా ఉంటుంది, పట్టుకుని ఎక్కలేరు. ఎండాకాలంలోనే ఒకసారి చెరువంతా నడిచి గుంతలు ఎక్కడున్నాయో చూసి పెట్టుకుంటే ప్రాణం నిలుస్తుంది, పనిలో పనిగా చేప నిలిచే చోటూ తెలుస్తుంది.

ఎర

కొత్త నీళ్లు, బురద నీళ్లు ఉన్నప్పుడు ఎర్రలకు మించింది లేదు. చేప కంటితో కాదు, వాసనతో వెతుక్కుంటుంది. దిబ్బ అంచున, కొళాయి నీళ్లు పారే కాలవ పక్కన తవ్వితే దొరుకుతాయి. చిల్లులు పెట్టిన డబ్బాలో తడిమన్ను వేసి నీడన ఉంచండి. ఎండలో పెట్టిన డబ్బా గంటలో కంపు కొడుతుంది, చచ్చిన ఎర్రకు జెల్ల తప్ప ఏదీ రాదు. ఎర్రను కొక్కేనికి తొడుగులా ఎక్కించి, తోక అర అంగుళం ఆడేలా వదలండి. రెండంగుళాలు వేలాడితే పక్కెలు కొరుక్కుని పోతాయి.

నీళ్లు తేటపడ్డాక పిండి మొదలుపెట్టండి. గోధుమపిండి 200 గ్రాములు, దోరగా వేయించిన వేరుశనగ చెక్క పొడి 100 గ్రాములు, వేడినీళ్లు పోసి చపాతీ పిండి కంటే గట్టిగా పిసకండి. చిటికెడు దూది పీచు విడదీసి కలిపితే కొక్కెం మీద నిలుస్తుంది. చిన్న ఉండ చేసి గ్లాసు నీళ్లలో వేయండి. ఎనిమిది పది నిమిషాలు నిలవాలి. రెండు నిమిషాల్లో కరిగితే పిండి చాలలేదు. గంటైనా చెక్కుచెదరకుంటే మరీ గట్టిది, చేప కొరికినా కొక్కెం మొన బయటికి రాదు. రాత్రి మిగిలిన రాగి సంగటి కూడా పనికొస్తుంది, కాస్త గోధుమపిండి కలిపి పిసికితే చాలు. ఇంగువ, వాము, ఏలకులు అంటూ ఒక్కొక్కరిదీ ఒక్కో రహస్యం. వాసన కొంత సాయం చేస్తుంది కాదనం, కానీ లోతు తప్పు పెట్టి ఏలకులు కలిపితే ఏలకులు దండగ.

జిలేబి మూకలు పిండిని నిలవనివ్వకపోతే ఉడికించిన శనగలకు మారండి. ఎనిమిది గంటలు నానబెట్టి, వేళ్ల మధ్య నొక్కితే నలిగేలా ఉడికించాలి, పొట్టు ఊడకూడదు. మొక్కజొన్న గింజలూ అంతే. చిన్నచేప మూతికి పట్టవు, బంగారు తీగ, శీలావతి మింగుతాయి. గడ్డిచేపకు లేత గడ్డి పోచలు నాలుగు కలిపి కడితే చాలు.

చల్లే మేతకు బియ్యం తవుడు కిలో, రాత్రంతా నానిన వేరుశనగ చెక్క పావుకిలో, బెల్లం 100 గ్రాములు, ముద్ద కట్టడానికి చెరువు ఒండ్రు రెండు గుప్పిళ్లు. నిమ్మకాయంత ఉండలు చేయండి. మొదట నాలుగు ఉండలు బెండు పడే చోటే వేయండి, ఆ తర్వాత అరగంటకు ఒకటి. ముందు పక్కెలు వస్తాయి, వాటి సందడికి వెనక పెద్దవి వస్తాయి, అందుకు అరగంట నుంచి గంట పడుతుంది. ఆగలేక కిలో తవుడూ ఒకేసారి పోసినవాళ్లు చేపలకు అన్నదానం చేసి ఇంటికి పోతారు. కడుపు నిండిన చేప ఎర ముట్టదు.

బెండు చెప్పే మాట

టిక్కుటిక్కుమని వణుకుతుంటే పక్కెలు. లాగకండి. రెండు మూడు చిన్న మునకలు వేసి, పక్కకు జారుతూ పోతే జిలేబి, జారుతున్నప్పుడే లాగాలి. మెల్లగా పైకి లేచి పడుకుంటే నేల మీది ఎరను బంగారు తీగో మృగాలో ఎత్తింది, సీసం బరువు బెండు మీద లేదు. కొత్తవాళ్లు మునిగేదాకా చూస్తూ ఈ చేపను పోగొట్టుకుంటారు. పడుకోగానే లాగండి. నిలువునా సర్రున మునిగితే జెల్ల లేదా మార్పు అనే చేప. ఆగి ఆగి, బద్ధకంగా ఒక పక్కకు ఈడ్చుకుపోతే ఎండ్రకాయ, చోటు మార్చండి.

లాగడం మణికట్టుతో, జానెడు. తల మీదుగా విసిరితే చిన్నచేప మూతి తెగి కంపల్లో పడుతుంది, పెద్దచేపకు దారం తెగుతుంది. కిలో దాటిన చేప తగిలితే కట్టెను నిలువుగా పట్టండి, వంపు మొత్తం చేప మోయాలి. కట్టెను చేప వైపు చాపితే వంపు పోయి బరువంతా దారం మీద పడుతుంది. అది పరుగెత్తితే మీరూ ఒడ్డు వెంట నడవండి. పక్కకు పడుకుని తెల్ల కడుపు చూపించాకే ఒడ్డుకు తెచ్చి, చేతివల కిందనుంచి పెట్టి ఎత్తండి. దారం పట్టుకుని ఎత్తడం ఆఖరి నిమిషంలో చేప పోవడానికి దగ్గరిదారి.

కొరమేను వేరే పని

దీనికి బెండు వద్దు. గాలి పీల్చడానికి పైకి వస్తుంటుంది, జమ్ము మధ్య ‘బ్లక్’ మని చప్పుడూ, బుడగలూ కనబడతాయి. 0.45 దారం, 1/0 కొక్కెం (ఇది 4 నంబరు కంటే పెద్దది), ఎరగా బతికున్న పక్కె. రీలున్నవాళ్లు రబ్బరు కప్పను ఆకుల మీద లాగుతారు. దెబ్బ పడగానే లాగితే కప్ప ఒక్కటే వెనక్కి వస్తుంది. రెండు మూడు అంకెలు లెక్కపెట్టి, దారం బిగిశాక గట్టిగా లాగాలి. తగిలాక జాలి పనికిరాదు, వదిలితే జమ్ము మొక్కల వేళ్లలో దూరుతుంది.

నీటి మీద ఎర్రటి పిల్లల గుంపు ఒకటి కదులుతుంటే, వాటి కిందే తల్లీ తండ్రీ కాపలా ఉంటాయి. అప్పుడు కోపంతో దేన్నైనా కొడతాయి కాబట్టి పట్టడం తేలికే. పట్టకండి. కాపలా పోయిన పిల్లల్ని పక్కెలే గంటలో ఖాళీ చేస్తాయి.

చేతులు, కాళ్లు

జెల్లకు వీపు మీద ఒకటి, రెక్కల దగ్గర రెండు ముళ్లుంటాయి. ఇంగిలాయి అనే చేప ముల్లు విషపుది. గుడ్డతో తల వెనక పట్టుకుని కొక్కెం తీయండి. గుచ్చుకుంటే ఓర్చుకోగలిగినంత వేడినీళ్లలో అరగంట ముంచితే నొప్పి దిగుతుంది. వాపు పెరిగినా, ముల్లు లోపల విరిగినా ఆసుపత్రికి పోవాలి. కొక్కెం మొన వెనకుండే ఎదురుముల్లు దాకా వేలిలో దిగితే వెనక్కి పీకకండి. దారం కోసి అలాగే పీహెచ్‌సీకి పోండి, ధనుర్వాతం సూది వేయించుకోండి.

కట్ట మీద కరెంటు తీగ కింద కూర్చోవద్దు. కార్బన్ రాడ్డు కరెంటును పట్టుకుంటుంది, తడిసిన వెదురూ అంతే. ఉరుము వినబడితే కట్టె కింద పెట్టి కట్ట దిగండి. కట్ట రాళ్ల సందుల్లో చెయ్యి పెట్టకండి, పాములకు అది ఇల్లు. చెప్పులు కంపముల్లును ఆపవు, అడుగు మందమున్న బూట్లే వేసుకోండి.

ఇంటికి తెచ్చాక

పట్టిన చేపను జాలి సంచిలో నీళ్లలోనే ఉంచండి. ఎండలో కవరులో వేస్తే గంటకే మెత్తబడుతుంది. కొరమేను, మార్పుల జిగురుకు కట్టెల బూడిద పట్టించి రాయి మీద రుద్దితే శుభ్రంగా పోతుంది. ఎండాకాలం చెరువు నీళ్లు పచ్చబడ్డాక చేపకు మట్టివాసన వస్తుంది, ఆ పచ్చటి పాచి వల్లే అది. మొప్పలు పూర్తిగా తీసేయండి, పొట్టలోపలి నల్లపొర గోకేయండి, ఉప్పూ పసుపూ చింతపండు పులుసూ పట్టించి ఇరవై నిమిషాలుంచి రెండు నీళ్లలో కడగండి. చాలామటుకు పోతుంది. అయినా మిగిలితే పులుసులో చింతపండు కొంచెం ఎక్కువ వేయండి, వేపుడు జోలికి పోవద్దు.